అప్‌డేట్: మొదటి పచ్చబొట్టు మణికట్టు మీదా, వేలి మీదా అని అడిగాను కదా, వేయించుకున్నాను

'అమ్మమ్మ' అన్న మాట ఎక్కడ వేయించుకోవాలని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. చివరికి ఎడమ ముంజేతి లోపలివైపు వేయించుకున్నాను.

"ముందు స్టెన్సిల్ (చర్మం మీద అంటించే, కడిగితే పోయే డిజైన్ అచ్చు) అంటించి చూసుకో" అన్న సలహానే పనిచేసింది. మణికట్టుకు సరిపోయే సైజులో మ కింద మ వత్తు ఒక నల్ల చుక్కలా కనిపించింది. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకు చర్మంలో కొంచెం పాకి, మన గుండ్రటి అక్షరాల్లో ఖాళీలు పూడుకుపోతాయని ఆర్టిస్టు చెప్పారు. వేలి మీదైతే త్వరగా వెలిసిపోతుందట.

నొప్పి గురించి పడ్డ టెన్షన్ మాత్రం అనవసరం. చీమలు కుట్టినట్టుంది, అంతే. మూడు వారాలకు పొట్టు రాలి మానింది. అమ్మమ్మ తన చేతి మీది పాత పచ్చబొట్టు పక్కన నా చేయి పెట్టుకుని చాలాసేపు చూసింది.