కూతురి కోసం తీర్చుకున్న పగ చూశాక తృప్తి ఎందుకు కలగలేదు? (‘ద లాస్ట్ హౌస్ ఆన్ ద లెఫ్ట్’, 1972)

రెండో ఆట:

గత వారం వెస్ క్రేవెన్ తొలి చిత్రమైన ‘ద లాస్ట్ హౌస్ ఆన్ ద లెఫ్ట్’ చూశాను. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. పదిహేడో పుట్టినరోజున స్నేహితురాలితో కలిసి న్యూయార్క్‌లో సంగీత కచేరీకి బయలుదేరిన మేరీ అనే అమ్మాయిని, జైలు నుంచి తప్పించుకున్న క్రుగ్ ముఠా చెరపట్టి, మర్నాడు ఆమె ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న అడవిలోనే స్నేహితురాలిని చంపి, మేరీని తుపాకీతో కాల్చి చెరువు పాలు చేస్తుంది. కారు చెడిపోయి, ఆ రాత్రి తలదాచుకోవడానికి ఆ నలుగురూ వెళ్లి తట్టిన తలుపు మేరీ ఇంటిదే. పుట్టినరోజు కానుకగా తాము కూతురికిచ్చిన శాంతి చిహ్నం గొలుసు క్రుగ్ కొడుకు జూనియర్ మెడలో తల్లి కంటపడుతుంది. ఆ తర్వాత తల్లిదండ్రులిద్దరూ ముఠా మీద పగ తీర్చుకుంటారు.

నేను మన సినిమాలు చూస్తూ పెరిగినవాడిని. మొదటి సగంలో హీరో చెల్లెలికి అన్యాయం జరిగితే, చివరి రీలులో విలన్‌కు తగిలే ప్రతి దెబ్బకూ హాలంతా ఈలలు వేయడం నాకు కొత్త కాదు, నేనూ వేశాను. ఇక్కడ దుర్మార్గులలో ఒక్కడూ మిగలలేదు, అయినా నాకు కసి తీరలేదు సరికదా, ఒంటికి మురికి అంటుకున్నట్లు అనిపించింది. తండ్రి డాక్టరు. ప్రాణాలు నిలబెట్టే వృత్తిలో ఉన్న మనిషి గడ్డానికి రాసుకునే నురగను నేల మీద పూసి, తలుపు పిడికి కరెంటు పెట్టి, చివరకు చెట్లు కోసే మోటారు రంపం పట్టుకొని తన ఇంటి హాలులోనే నిలబడడం చూస్తే జాలిపడాలో భయపడాలో తెలియలేదు. దర్శకుడు కావాలనే ఇలా తీశాడా, లేక డబ్బూ అనుభవమూ చాలక ఇలా తయారైందా?

పాత రీలు:

కావాలనే తీశాడని నా అభిప్రాయం. అందుకు ఆధారం ఈ కథ పుట్టుకలోనే ఉంది. క్రేవెన్ ఈ కథను ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1960లో తీసిన ‘ద వర్జిన్ స్ప్రింగ్’ నుంచి తీసుకున్నాడు. ఆ చిత్రానికి మూలం ఒక పాత స్వీడిష్ జానపద గేయం. బెర్గ్‌మన్ చిత్రంలో కూతురిని చంపిన పశుల కాపరులు అదే రాత్రి ఆమె ఇంటిలో భోంచేసి, ఆమె ఒంటి మీది వస్త్రాన్ని ఆమె తల్లికే అమ్మజూపుతారు. క్రేవెన్ చేతిలో ఆ వస్త్రమే గొలుసయింది.

అసలు తేడా అక్కడి నుంచే మొదలవుతుంది. బెర్గ్‌మన్ చిత్రంలో తండ్రి వెంటనే కత్తి దూయడు. కొండ మీద ఒంటరిగా నిలిచిన లేత భూర్జ వృక్షాన్ని తన బరువంతా వేసి నేలకూలుస్తాడు, దాని రెమ్మలతో ఒళ్లు కొట్టుకుంటూ వేడినీళ్ల స్నానం చేస్తాడు, ఆ తర్వాత హంతకులు నిద్రపోతున్న గదిలో తెల్లవారేదాకా మాట్లాడకుండా కూర్చుంటాడు. అంటే చంపడానికి ముందు ఒక తంతు ఉంది, చంపిన తర్వాత దేవుడిని నిలదీయడం ఉంది, తన చేతులతోనే గుడి కడతానన్న మొక్కు ఉంది, కూతురి తల ఆనిన చోట ఊట పుట్టడమూ ఉంది. క్రేవెన్ ఈ నాలుగింటినీ తీసిపారేశాడు. తంతు ఉండవలసిన చోట అతడు పెట్టింది మీరు చెప్పిన గడ్డం నురగ. ఊట ఉండవలసిన చోట, ‘ఆపు’ అని అరుస్తూ ఆలస్యంగా వచ్చిన షెరీఫ్ (స్థానిక పోలీసు అధికారి), రక్తంలో తడిసి కూర్చున్న భార్యాభర్తలు మాత్రమే మిగిలారు. సినిమాలు చూడడమే తప్పుగా ఎంచే బాప్టిస్టు కుటుంబంలో పెరిగిన మనిషి దేవుడి ప్రసక్తి లేకుండా ఈ కథ చెప్పడం యాదృచ్ఛికం అనుకోలేను.

ఇంకొక దృశ్యం గుర్తు చేసుకోండి. మేరీపై అత్యాచారం జరిగిన తర్వాత ముగ్గురు హంతకులూ కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక, రక్తానికి అంటుకున్న గడ్డిపరకలను చేతుల నుంచి ఒక్కొక్కటిగా తీసుకుంటారు. వారికీ తమ మీద తమకు అసహ్యం పుట్టిన క్షణం అది. ఒకసారి అది చూశాక వారి చావుకు ఈల వేయడం ఎవరికైనా కష్టమే. వియత్నాం యుద్ధం ఇళ్లలోని టీవీల్లోకి వచ్చిన కాలంలో, తెర మీది హింసకు నొప్పి ఉండాలని తాను అనుకున్నట్లు క్రేవెన్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు కూడా.

నేల టికెట్:

పాత రీలు గారు చెప్పినదానిలో సగం ఒప్పుకుంటాను. మిగతా సగంలో ఆయన దర్శకుడికి కాస్త ఎక్కువ మార్కులే వేశారు.

ఈ చిత్రం ఎవరి కోసం పుట్టిందో చూడాలి. ఆరుబయట కార్లలో కూర్చుని చూసే థియేటర్లకు భయపెట్టే సరుకు కావాలని బోస్టన్‌కు చెందిన పంపిణీదారులు పెట్టిన డబ్బుతో, తర్వాత ‘ఫ్రైడే ద థర్టీన్త్’ తీసిన షాన్ కన్నింగ్‌హామ్ దీనిని నిర్మించాడు. ఖర్చు సుమారు 90 వేల డాలర్లు. వసూళ్లు 30 లక్షల డాలర్లు దాటాయి. ఇది నిజంగా జరిగిన కథ అని మొదట్లో వేసిన కార్డు శుద్ధ అబద్ధం. స్పృహ తప్పకుండా ఉండాలంటే ‘ఇది సినిమా మాత్రమే’ అని జపించండి అన్న ప్రచార వాక్యం ఆ కార్డుకు తోబుట్టువు. నైతిక పరిశీలన చేయడానికి కూర్చున్నవాడు అమ్మే పద్ధతి ఇది కాదు.

ఇక ఆ పోలీసుల హాస్యం సంగతి! అమ్మాయిలు అడవిలో ప్రాణభయంతో ఉండగా, పెట్రోలు అయిపోయిన షెరీఫూ అతడి సహాయకుడూ కోళ్ల బండి ఎక్కడానికి పడే అవస్థను మధ్యమధ్య చూపించడంలో ఏ లోతూ నాకు కనిపించలేదు. దర్శకుడికి ఇంకా చేయి తిరగలేదు, అంతే. సంగీతాన్ని మాత్రం మినహాయిస్తాను. క్రుగ్ పాత్రధారి డేవిడ్ హెస్ స్వయంగా పాటలు కట్టి పాడాడు. మేరీ చెరువులోకి నడిచిపోతుండగా ఆమె హంతకుడి గొంతే అంత మెత్తగా వినిపించడం నన్ను ఈనాటికీ వదలలేదు. నా మాటేమిటంటే, ఆ మురికితనం చాలావరకు 16 ఎం.ఎం. కెమెరా వల్ల, అనుభవం లేని నటుల వల్ల దానంతట అదే వచ్చింది. ఆ వచ్చినదాన్ని ఎడిటింగ్ బల్ల మీద గుర్తుపట్టి అట్టేపెట్టుకున్నందుకు క్రేవెన్‌ను మెచ్చుకుంటాను. ఎడిటర్ కూడా అతడే కదా.

రెండో ఆట:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘తంతు’ అన్న మాట చదవగానే సైంధవ వధ గుర్తుకొచ్చింది. అభిమన్యుడి కోసం అర్జునుడు పట్టిన పగ కూడా కన్నతండ్రి పగే. అయినా చిన్నప్పుడు ఆ కథ వింటుంటే ఒళ్లు పులకరించేది. అందరి ముందూ శపథం, పొద్దుగుంకే లోపల అన్న గడువు, కృష్ణుడి తోడు, రెండు సేనల సాక్ష్యం అన్నీ ఉన్నాయి. నిజానికి సైంధవుడు పిల్లవాడిని స్వయంగా చంపలేదు, పాండవులను అడ్డగించాడు. ఆ సందేహం చిన్నప్పుడు నాకు రానే లేదు. అంత పెద్ద ఏర్పాటు ఉంటే సందేహాలకు చోటెక్కడిది? ఈ డాక్టరు దంపతులకు మాత్రం సాక్షిగా వచ్చినవాడు ఆ కోళ్ల బండి షెరీఫ్ ఒక్కడే.

మూడో గంట:

చర్చ ఒక్క చిత్రం దగ్గరే ఆగిపోయింది కాబట్టి ఒక మాట కలుపుతాను. దీనిని తీసిన ఇద్దరూ ఈ విషయాన్ని వదలలేదు. కన్నింగ్‌హామ్ 1980లో తీసిన ‘ఫ్రైడే ద థర్టీన్త్’లో హంతకురాలు ఒక తల్లి, సిబ్బంది ఏమరుపాటు వల్ల కొడుకు చెరువులో మునిగిపోయాడన్న కక్షతో, ఆ చావుతో ఏ సంబంధమూ లేని కుర్రవాళ్లను ఏళ్ల తరువాత చంపుతుంది. క్రేవెన్ 1984లో తీసిన ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’లో, పిల్లలను చంపిన ఫ్రెడీ క్రూగర్ అనేవాడు వారంటు మీద సంతకం సరిగా లేదని విడుదలైతే, ఆ వీధి తల్లిదండ్రులు కలిసి వాడిని తగలబెడతారు. కథానాయిక నాన్సీ తల్లి వాడి కత్తుల చేతితొడుగును గుడ్డలో చుట్టి, నేలమాళిగలోని కొలిమిలో దాచి, మందుకు బానిసవుతుంది. వాడు మాత్రం పిల్లల కలల్లోకి వస్తాడు. 1972లో సోఫా మీద రక్తంతో కూర్చున్న ఆ జంట పదేళ్ల తరువాత ఎలా ఉంటారన్న ప్రశ్నకు నాకు ఆమెలో జవాబు దొరికింది. క్రుగ్ పేరే క్రూగర్‌గా సాగిందన్నది ఎలాగూ తెలిసిందే. అందువల్ల మొదటి చిత్రంలో ఎంత తెలిసి చేశాడన్నది తేలకపోయినా, చేసినదాని గురించి అతడు ఆలోచించడం మానలేదు.

మీకు కావలసిన ఈలలు 2009 నాటి పునర్నిర్మాణంలో దొరుకుతాయి. అందులో మేరీ బతుకుతుంది, తండ్రి చివరి శిక్షకు మైక్రోవేవ్ వాడతాడు, ఛాయాగ్రహణం చాలా బాగుంటుంది. చూసిన మర్నాటికే నేను మరిచిపోయాను.

ఒక్క సంగతి చూసుకోండి. పాత చిత్రం ప్రతులన్నీ ఒకే రకంగా ఉండవు. బ్రిటన్ సెన్సారు 1974లో అనుమతి నిరాకరించి, 2002లో 31 సెకన్లు కత్తిరించి ఒప్పుకొని, 2008లో గాని పూర్తి ప్రతిని విడుదల కానివ్వలేదు. అమెరికాలోనూ థియేటర్ల వాళ్లు తమకు తోచినట్లు కత్తెర వేశారు. పూర్తి ప్రతి నిడివి సుమారు 84 నిమిషాలు. చేతుల నుంచి గడ్డి తీసుకునే దృశ్యం మీరు చూసినదానిలో ఉందా?

రెండో ఆట:

ఉంది, కానీ రెండు మూడు క్షణాలే ఉన్నట్లు గుర్తు. నిడివి చూసి రాత్రికి చెబుతాను.