బి. నర్సింగరావు ఇంకా ఎక్కువ సినిమాలు తీయాల్సిందా?

మెదక్ చిన్నోడు:
తెలంగాణ సినీ దర్శకుడు బి. నర్సింగరావు గురించి సూటిగా అడుగుతున్నా. ‘రంగుల కల’ 1983, ‘దాసి’ 1988, ‘మట్టి మనుషులు’ 1990. మూడింటికీ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు. ఆ తర్వాత ఆయన నుంచి వచ్చినవి మరీ తక్కువ. కాస్త జనానికి దగ్గరగా తీసుంటే ఇంకో పది సినిమాలు మనకు మిగిలేవి కదా? తప్పు ఆయనదే అంటాను.

పాత రీలు:
జనానికి దగ్గరగా అంటే ఏంటి బ్రదర్, పాటలూ ఫైట్లూ పెట్టడమా? ‘మా భూమి’ నిర్మాతల్లో ఒకరు ఆయనే, దర్శకుడు గౌతమ్ ఘోష్. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మీద తీసిన ఆ సినిమా హైదరాబాద్‌లో ఉదయం ఆటలతోనే నెలల తరబడి ఆడింది, గద్దర్ పాడిన ‘బండెనక బండి కట్టి’ ఊరూరా మోగింది. ఇలాంటివి జనం చూడరన్న మాట నేను ఒప్పుకోను.

ఇక ‘దాసి’. 1920ల నాటి గడి, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, దొరసాని వెంట పుట్టింటి నుంచి వచ్చిన దాసి కమలాక్షి. తెల్లారిన దగ్గర్నుంచి చాకిరీ, నోరు తెరిచి మాట్లాడేది చాలా తక్కువ, దొర వల్ల కడుపొస్తే అది ఉంచుకోవాలా వద్దా అన్నది కూడా ఆమె చేతిలో లేదు. దీనికి డైలాగులు దట్టించి, వెనకాల మ్యూజిక్ వాయిస్తే ఏం మిగులుతుంది? అర్చన నటన, ఎ.కె. బీర్ కెమెరా, వైకుంఠం కళ, సుదర్శన్ దుస్తులు, వీటన్నింటికీ జాతీయ అవార్డులొచ్చాయి. ఆ మెల్లదనమే ఆ సినిమాకు ప్రాణం.

మెదక్ చిన్నోడు:
గొప్ప సినిమానే, కాదనను. కానీ పెట్టిన డబ్బు తిరిగి రాకపోతే తర్వాతి సినిమాకు ఎవడు పెడతాడు? మన హైదరాబాద్‌వాడే, దర్శకుడు శ్యామ్ బెనెగల్ తీయలేదా? ఆయన సినిమా ‘మంథన్’కి గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలిచ్చారు.

పాత రీలు:
అదే కదా నేను చెప్పేది! బెనెగల్ తీసింది హిందీలో, దేశమంతా మార్కెట్. కేరళలో దర్శకుడు అదూర్ గోపాలకృష్ణన్ వాళ్లు 1965లోనే చిత్రలేఖ అనే ఫిల్మ్ సొసైటీ పెట్టుకుని, సొసైటీల ద్వారా ఊళ్లలో సినిమా చూపించి ప్రేక్షకుణ్ణి తయారుచేసుకున్నారు. మనకి అంత గట్టిగా ఏముంది? అవార్డు వచ్చిన మర్నాడు పేపర్లో ఫొటో, థియేటర్ మాత్రం దొరకదు. ఈ లెక్కన నర్సింగరావు తీసిన ఆ కాసిన్నే ఎక్కువ.

గోడమీద పోస్టర్:
ఇద్దరూ కథాచిత్రాలే లెక్కేస్తున్నారు. 1987లో నర్సింగరావు ‘మా ఊరు’ డాక్యుమెంటరీ తీశారు, పైగా ఆయన చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్. ‘రంగుల కల’లో పెయింటర్ పాత్ర వేసింది కూడా ఆయనే. అందుకని కెరీర్‌ని సినిమాల సంఖ్యతో తూచకండి. చిన్నోడూ, ‘మట్టి మనుషులు’ చూశారా? పల్లె వదిలి హైదరాబాద్‌లో భవనాలు కట్టే కూలీల కథ. ముందు అది చూసి రండి, తర్వాత వాదిద్దాం.