త్రీ మస్కటీర్స్ మీద డ్యూమా పేరొక్కటే ఉండటం న్యాయమేనా?

కాలం_వంతెన: ఫ్రెంచ్ నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా దగ్గర ఒగుస్త్ మాకే అనే చరిత్ర మాస్టారు పదేళ్లకు పైగా పనిచేశాడు. పాత పుస్తకాలు తిరగేసి, కథ అల్లి, అధ్యాయాల ముసాయిదా రాసిచ్చేవాడు. 1844లో త్రీ మస్కటీర్స్ నవల పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆ ఏడాదే మాంటే క్రిస్టో నవల మొదలైంది. రెండింటి మీదా డ్యూమా పేరే. దోపిడీ కాక ఇదేంటి?

పాత_అట్ట: డబ్బు తీసుకున్నాడుగా. హక్కులు వదులుకుంటూ 1845లో తనే ఉత్తరం రాసిచ్చాడు.

కాలం_వంతెన: అదే ఏడాది మిర్‌కూర్ అనేవాడు డ్యూమాది నవలల ఫ్యాక్టరీ అని కరపత్రం వేశాడు. పరువు కాపాడుకోవడానికే ఆ ఉత్తరం రాయించుకున్నారని నా అనుమానం.

పాత_అట్ట: కరపత్రం సంగతి ఎత్తారు కాబట్టి పూర్తిగా చెప్పండి. డ్యూమా నాయనమ్మ కరీబియన్ దీవిలో బానిస. మిర్‌కూర్ ఆయన రంగునీ పుట్టుకనీ నీచంగా తిట్టాడు. కోర్టు వాడికి జైలు వేసింది. ‘వీడు సొంతంగా రాయలేడు’ అనే మాటకు ఊపొచ్చింది అక్కడే. మీరూ అదే పాట పాడుతున్నారు.

గోదారి_గట్టు: మాంటే క్రిస్టో ఎవరు రాస్తే ఏంటండీ, రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

కాలం_వంతెన: నేను రంగు గురించి ఒక్క ముక్క అన్నానా? నేనూ ఓ టీవీ సీరియల్‌కి సీన్లు రాశాను. టైటిల్స్‌లో వేరేవాళ్ల పేరు. పేర్లు పడుతున్నంతసేపూ మా అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మరీ వెతికేది, ‘నీదేదిరా?’ అని. పేమెంట్ వచ్చిందిగా అంటే సరిపోతుందా?

పాత_అట్ట: మీ బాధ మీది, కాదనను. అసలు పత్రికలు పేరు పంచుకోనిచ్చాయా? డ్యూమా సంతకముంటే లైనుకు మూడు ఫ్రాంకులు, మాకే పేరు కలిస్తే సగం అని లా ప్రెస్ పత్రిక యజమాని అన్నట్టు చెబుతారు. మాకే ఒంటరిగా రాసిన నవలలు ఇవాళ ఎవరు చదువుతున్నారు?

కాలం_వంతెన: 1858లో మాకే వేసిన కేసులో కోర్టు కూడా మీలాగే డబ్బిప్పించి, సహరచయిత హోదా మాత్రం ఇవ్వలేదు. పారిస్‌లో మాకే సమాధి మీద ఆ నవలల పేర్లు చెక్కి ఉన్నాయి. మనిషి అడిగింది డబ్బా?

అరుగు_మీద: ఇద్దరూ కాస్త మంచినీళ్లు తాగండి.

పాత_అట్ట: ముసాయిదా ఎవడైనా రాస్తాడు. మాటకు మాట విసురుకునే ఆ సంభాషణలు, ఆ పరుగు డ్యూమావి. పాఠకుడు కొనుక్కున్నది వాటిని.

కాలం_వంతెన: ఇదీ మీ కడుపులో ఉన్న మాట! కథ అల్లేవాడు కూలీ, వాక్యం రాసేవాడే రచయిత. కథే లేకపోతే మీ డ్యూమా దేన్ని పరిగెత్తిస్తాడు?

పాత_అట్ట: ఆ కథా మాకేది కాదు. త్రీ మస్కటీర్స్ హీరో డార్తాన్యాన్ జ్ఞాపకాల పేరుతో కూర్టిల్ అనే రచయిత 1700లోనే పుస్తకం వేశాడు. మీ లెక్కన అట్ట మీద ఆయన పేరూ వేయాలి.

కాలం_వంతెన: వేయండి. ఎవరొద్దన్నారు?