అలంకరణ మిరపకు కింది ముడత: గంధకం కొట్టేలోపు చిగుళ్లు తుంచాలా?

8 అంగుళాల కుండీ, రోజుకు 6 గంటల ఎండ. ఊదా కాయలు ఎరుపు తిరిగే దశలో, మూడు వారాల కిందట చిగురాకులు కిందికి ముడుచుకోవడం మొదలైంది. తిరగేసిన పడవల్లా ఉన్నాయి. కాడలు సాగాయి, ఆకు అడుగున గోధుమరంగు మెరుపు. మొగ్గలు రాలుతున్నాయి. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు అనుకునేదాన్ని, ఇది నల్లి (ఆకు రసం పీల్చే అతి చిన్న పురుగు) పనే.

లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి, ఆకుల అడుగు తడిసేలా 5 రోజులకోసారి మూడుసార్లు సాయంత్రం కొట్టాను. ముడిచిన పాత ఆకు మళ్లీ విచ్చుకోదు, అది సరే. కొత్త చిగురూ ముడతతోనే వస్తోంది, బాధ అదే.

ఇక నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు కొట్టాలి. ఆకు మీద నూనె మిగిలి ఉండగా పడితే ఆకు మాడుతుంది కాబట్టి రెండు వారాలు ఆగాలి. చివరిసారి నూనె కొట్టి ఇప్పటికి 6 రోజులైంది. ఈలోపు ముడిచిన చిగుళ్లన్నీ తుంచేస్తే నల్లి తగ్గుతుందా, లేక కాయలున్న మొక్క ఇంకా నీరసిస్తుందా?