ఒక్కదాన్నే బ్యాగ్‌పైప్ నేర్చుకుంటున్నాను, తప్పో ఒప్పో చెప్పేవాళ్లు లేరు

వంటింటి చాంటర్ (సీతమ్మధార):
నాకు 41 ఏళ్లు. చిన్నప్పుడు ఆరేళ్లు గాత్రం నేర్చుకున్నాను. ఏటా జనవరి 29న టీవీలో బీటింగ్ రిట్రీట్ (ఢిల్లీలో సైనిక బ్యాండ్లు వాయించే కార్యక్రమం) చూస్తుంటే ఆ పైపుల మోతకి ఒళ్లు పులకరించేది. చివరికి ధైర్యం చేసి ప్రాక్టీస్ చాంటర్ (బ్యాగ్‌పైప్ నేర్చుకోవడానికి వాడే, సంచీ లేని ఊదే గొట్టం) తెప్పించుకున్నాను. ఏడు నెలలైంది. వైజాగ్‌లో నేర్పేవాళ్లు నాకు దొరకలేదు. వీడియోలు చూసి, పిల్లలు పడుకున్నాక వంటింటి తలుపు వేసుకుని అరగంట వాయిస్తాను.

మూడు వారాల నుంచి ఒకటే గొడవ. డి అనే స్వరం నుంచి ఇ అనే స్వరానికి వెళ్లిన ప్రతిసారీ మధ్యలో ఇంకో స్వరం దూరిపోతోంది. మావారిని అడిగితే "బాగానే ఉంది కదా" అంటారు. పాపం, ఆయనకి తేడా తెలియదు. నిన్న చాంటర్ తుడిచి పెట్టెలో పెట్టేశాను. ఇలా ఒంటరిగా నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గాజువాక కుర్రాడు:
నేనున్నాను అక్కా. నాలుగు నెలలే అయింది, నాకింకా గ్రేస్ నోట్లే (అసలు స్వరానికి ముందు చటుక్కున తగిలించే చిన్న స్వరాలు) సరిగ్గా పడట్లేదు. ఇంట్లో టెన్షన్ ఎందుకని బీచ్‌కి వెళ్లి వాయిస్తాను. పెట్టెలో మాత్రం పెట్టకండి.

పాత పైపర్ (పెందుర్తి):
అమ్మా, ముందు ఆ పెట్టె తెరవండి.

ఆర్మీ పైప్ బ్యాండ్‌లో పద్నాలుగేళ్లు వాయించాను. డి నుంచి ఇ కి వెళ్లడం నాకు రెండు నెలలు పట్టింది, అదీ ఉస్తాద్ రోజూ ఎదురుగా కూర్చుంటే. మధ్యలో దూరే ఆ స్వరం మీ అంతట మీకే వినబడిందంటే మీ చెవి గట్టిది. కొత్తవాళ్లలో చాలామందికి అది వినబడదు.

అక్కడ జరిగేది ఇది. డి లో కుడిచేతి చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు లేచి ఉంటాయి, చిటికెన వేలు మూసి ఉంటుంది. ఇ కి ఆ మూడూ దిగాలి, చిటికెన వేలు లేవాలి, ఎడమచేతి ఉంగరపు వేలు కూడా లేవాలి. అన్నీ ఒక్క క్షణంలో. ఆ ఎడమ ఉంగరపు వేలు వెంట్రుకవాసి ఆలస్యమైతే కింది ఎ పలికేస్తుంది. మెట్రోనోమ్ (టక్ టక్‌మని లయ చూపే యంత్రం) నిమిషానికి 40 దెబ్బల మీద పెట్టి, డి మీద నాలుగు దెబ్బలు ఆగి, అన్ని వేళ్లూ ఒకేసారి కదపండి. రోజుకి పది నిమిషాలు చాలు. వేళ్లు బిగించొద్దు.

మీకు గాత్రం వచ్చు కాబట్టి ఇంకో మాట. ఈ వాయిద్యంలో ఉండేవి తొమ్మిదే స్వరాలు. కింది ఎ ని షడ్జం అనుకోండి. కింద ఒక నిషాదం, ఆపైన స రి గ మ ప ద ని, చివర పై షడ్జం. అచ్చంగా మన హరికాంభోజి రాగం! మీరు తంటాలు పడుతున్నది మధ్యమం నుంచి పంచమానికి.

ప్రాక్టీస్ చాంటర్‌కి డ్రోన్లు (అసలు బ్యాగ్‌పైప్‌లో ఆగకుండా శ్రుతి మోగించే గొట్టాలు) ఉండవు, అందుకే అంత ఒంటరిగా అనిపిస్తుంది. ఫోన్‌లో తంబుర యాప్ ఆరున్నర శ్రుతి దగ్గర పెట్టి, మీ షడ్జం కలిసేదాకా సన్నగా జరుపుకోండి. పక్కన శ్రుతి మోగుతుంటే తప్పొప్పులు అదే చెబుతుంది. మన భాగోతాల్లో శ్రుతికి తోలు తిత్తి పట్టేవాళ్లు, దాని పని కూడా అదే కదా.

వాయించే ముందు పాడండి. స్కాట్లాండులో పాత గురువులు కాగితం లేకుండా, మన జతుల్లాగా నోటితో పలికించి నేర్పేవారు. నా మటుకు నాకు వీడియోల కన్నా అదే మంచి దారి. సంచీ కట్టిన అసలు పైపులకి తొందరపడకండి. చాంటర్ మీద ఏడాది గడవడం మామూలే. అవి వచ్చాక కూడా మొదట ఒక్క డ్రోన్ మోగనిచ్చి, మిగతా రెండింటికీ బిరడాలు పెట్టండి. ఊపిరి సరిపోదని భయపడకండి, మీరు ఊపిరి తీసుకునేటప్పుడు సంచీలో గాలిని నెట్టేది మోచెయ్యి.

ఒక నిమిషం రికార్డ్ చేసి ఇక్కడ పెట్టండమ్మా, ఇద్దరూ. నేను వింటాను.

వంటింటి చాంటర్ (సీతమ్మధార):
బాబాయ్ గారూ, రాత్రి తంబుర పెట్టుకుని కూర్చున్నాను. ముందు మ–ప పాడాను, తర్వాత వాయించాను. ఇరవై సార్లలో నాలుగుసార్లు శుభ్రంగా పడింది. నాలుగోసారి మావారు హాల్లోంచి "ఇప్పుడేదో మారింది" అన్నారు. ఆదివారం రికార్డింగ్ పెడతాను. తమ్ముడూ, నువ్వూ పెట్టు.