టిఫా స్కాన్‌లో బిడ్డ పేగులు బయట ఉన్నాయన్నారు, తెలిసినవాళ్లు చెప్పండి

కావలి_నాన్న:
మా ఆవిడకు 20వ వారం, వయసు 21, మొదటి కాన్పు. నిన్న నెల్లూరులో టిఫా తీయిస్తే బిడ్డ పొట్ట పూర్తిగా మూసుకోలేదు, పేగులు బయటికొచ్చాయి అన్నారు. రిపోర్టు చేతిలో పెట్టి డాక్టరమ్మకు చూపించుకోండి అన్నారు, ఆమె సోమవారం దాకా ఊళ్లో లేరు. మూడో నెల స్కాన్‌లో అంతా బాగుందన్నారు మరి. మా అమ్మేమో గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకుందని ఆమెనే అంటోంది, ఆ పిల్ల రాత్రంతా ఏడుస్తూనే ఉంది. తీయించేయాల్సిందేనా?

ఒంగోలు_స్కాన్‌రూమ్:
ఒంగోలులో చాలా ఏళ్లుగా స్కాన్లు చేస్తున్నాను. రిపోర్టులో ముందు చూడాల్సింది పేగుల మీద పొర ఉందా, బొడ్డుతాడు ఎక్కడ అతుక్కుంది అని. తాడు దాని చోట అది సరిగ్గా ఉండి, పక్కన, దాదాపు ఎప్పుడూ కుడివైపే, చిన్న కంతలోంచి పేగులు వచ్చి ఉమ్మనీట్లో విడిగా తేలుతుంటే గ్యాస్ట్రోస్కైసిస్. చిన్న వయసు తల్లుల్లో ఎక్కువ కనిపించేది ఇదే, దీంతో క్రోమోజోముల తేడాలు అరుదు. అలా కాక తాడే ఒక సంచికి అతుక్కుని, ఆ సంచిలో పేగులో కాలేయమో ఉంటే ఆంఫలోసీల్. దాంతో గుండె లోపాలు, ట్రైసోమీ 18, 13 లాంటి క్రోమోజోముల తేడాలు ఉండొచ్చు, అందుకే ఫీటల్ ఎకో (కడుపులో బిడ్డ గుండెకు చేసే స్కాన్), ఉమ్మనీటి పరీక్ష గురించి అడగాలి.

మూడో నెలలో అంటారా, 8 నుంచి 12 వారాల మధ్య ప్రతి బిడ్డకూ పేగులు బొడ్డుతాడులోకి వెళ్లి తిరిగి లోపలికి వస్తాయి, అంత ముందుగా చూసి ఖాయంగా చెప్పడం కష్టం. తీయించడం సంగతి ఈ రెండ్రోజుల్లో తేల్చక్కర్లేదు, 2021లో సవరించిన చట్టం ప్రకారం తీవ్రమైన లోపాలుంటే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకున్నాక 24 వారాల దాకా వీలుంది. గ్రహణానికీ కత్తిపీటకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, అమ్మగారికి నా మాటగా చెప్పండి.

పొదిలి_అక్క:
తమ్ముడూ, నా కొడుక్కీ గ్యాస్ట్రోస్కైసిసే, ఇప్పుడు నాలుగేళ్లు. చుట్టాలందరూ తీయించేయమన్నారు. చెన్నైలో ఫీటల్ మెడిసిన్ డాక్టర్, అంటే కడుపులో ఉన్న బిడ్డల సమస్యలు చూసే డాక్టర్, చూసి, పిల్లల సర్జన్‌తో మాట్లాడించాకే నాకు కాస్త ఊపిరాడింది. ఆ తర్వాత బరువు పెరుగుతోందా, పేగులు ఉబ్బుతున్నాయా అని మాటిమాటికీ స్కాన్లు. నొప్పులొచ్చాక ఇక్కణ్నుంచి బయల్దేరొద్దన్నారు, అందుకే 36వ వారంలోనే అక్కడ గది తీసుకున్నాం. పుట్టగానే పేగుల్ని శుభ్రమైన ప్లాస్టిక్ కవర్లో చుట్టి తీసుకెళ్లారు. తర్వాత పొట్ట మీద నిలువుగా ఒక సంచి కట్టారు, లోపల పేగులు ముదురు ఎరుపుగా, ఒకదానికొకటి అంటుకుపోయి అద్దంలోంచి చూసినట్టు కనపడేవి. రోజూ కొంచెం కొంచెం లోపలికి దించి ఆరో రోజు మూసేశారు. పాలు పట్టడానికి మాత్రం నెల పట్టింది, ఆపరేషన్ కన్నా అదే ఎక్కువ టెన్షన్. ఎక్కడ కాన్పు చేయించాలో ఇప్పుడే మాట్లాడుకోండి, అదే ఆస్పత్రిలో పిల్లల సర్జన్ ఉండాలి.

కావలి_నాన్న:
రిపోర్టు మళ్లీ చూశా అక్కా. తాడుకు కుడివైపు, పొర లేదు అని ఉంది. గుండె గురించి ఏమీ రాయలేదు. స్కాన్ బొమ్మలన్నీ తీసుకుని రేపు పొద్దున రైలుకే చెన్నై వెళ్తున్నాం. మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించా, మీ బాబు ఇప్పుడు అన్నం బాగా తింటాడా అని అడగమంది.

పొదిలి_అక్క:
తింటాడమ్మా, పప్పూ నెయ్యీ వేస్తే రెండోసారి కూడా పెట్టించుకుంటాడు.