పాప ఒంటి మీద పొక్కులు, నెల కావస్తున్నా కారణం దొరకడం లేదు (గుంటూరు)

విద్యానగర్ అమ్మ

మా పాపకి నాలుగున్నరేళ్ళు, ఎల్‌కేజీ. నెల కావస్తోంది, ఒంటి మీద ఎర్రగా ఆవగింజంత పొక్కులు గుంపులుగా వస్తున్నాయి. కొన్నాళ్ళకి అవి మాడతాయి, ఆ పక్కనే మళ్ళీ కొత్తవి. దురద మాత్రం భరించలేకపోతోంది, నిద్రలో కూడా గీరుకుంటూనే ఉంటుంది, కొన్ని చోట్ల రక్తం కూడా వచ్చింది. జ్వరం లేదు, బాగానే తింటోంది, ఆడుకుంటోంది. పిల్లల డాక్టర్ గారు చూసి అలర్జీలా ఉందన్నారు, సెట్రిజిన్ సిరప్, కాలమైన్ లోషన్ రాశారు. సిరప్ వేసిన రాత్రి కాస్త నిద్రపోతుంది, అంతే. దేని వల్ల అని అడిగితే అది ఇంట్లో మీరే గమనించాలమ్మా అన్నారు.

ఏం గమనించాలో తెలియడం లేదు. మా అత్తగారు వంకాయ, గుడ్డు, చేపలు, వేరుశనక్కాయలు అన్నీ మాన్పించారు. పిల్ల పప్పన్నం, పెరుగన్నం మీదే ఉంది, ఏం తేడా లేదు. ఒంటి సబ్బు మార్చాం, బట్టల సబ్బు మార్చాం. కుళాయి రాని రోజు బోరు నీళ్ళతో స్నానం చేయిస్తాం, అదేమోనని నా అనుమానం. మా ఆడపడుచేమో రక్తపరీక్ష చేయిస్తే ఏవేవి పడవో అన్నీ ఒకేసారి తెలిసిపోతాయంటోంది, ఖరీదు వేలల్లో ఉంది. చేయించమంటారా? ఇంకో సంగతి, దసరా సెలవులకి తెనాలిలో మా అమ్మ వాళ్ళింటికి వెళ్తే మొత్తం తగ్గిపోయింది. హమ్మయ్య అనుకున్నాం. ఇంటికొచ్చాక మళ్ళీ మొదలు. టెన్షన్‌తో నాకూ నిద్ర పట్టడం లేదు. ఎవరి పిల్లలకైనా ఇలా అయ్యుంటే దయచేసి చెప్పండి.

మంగళగిరి లక్కీ వాళ్ళమ్మ

ముందు గజ్జి కాదని తేల్చుకోండమ్మా. ఆ మాట వినగానే మేం శుభ్రంగా ఉంటాం కదా అని చాలామందికి కోపం వస్తుంది. కానీ ఎంత శుభ్రంగా ఉన్నవాళ్ళకైనా ఒంటికి ఒళ్ళు తగిలితే అంటుకుంటుంది. మా బాబుకి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. వేళ్ళ సందులు, మణికట్లు, చంకలు, బొడ్డు చుట్టూ, గజ్జలు చూడండి, చిన్నపిల్లలకైతే అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా వస్తాయి. రాత్రి పక్క మీదికి చేరాక దురద ఎక్కువవుతుంది. ఇంట్లో ఇంకెవరు గోక్కుంటున్నారన్నది కూడా చూడాలి. మొదటిసారి అంటుకుంటే దురద మొదలవడానికే వారాలు పడుతుంది, అందుకే ఎవరి నుంచి వచ్చిందో అంతుచిక్కదు.

మాకు 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్ రాశారు. మెడ నుంచి కిందికి ఒళ్ళంతా పట్టించి రాత్రంతా ఉంచి పొద్దున్నే స్నానం చేయించాలి, ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, వారం తర్వాత ఇంకోసారి. పిల్లాడికి ఒక్కడికే రాసి ఊరుకుంటే తిరగబెడుతుందని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. అయితే గజ్జే అని డాక్టర్ తేల్చకుండా మాత్రం రాయకండి.

సింగ్‌నగర్ తండ్రి

మందుల షాపులో అడిగి ఏ ట్యూబూ తేకండి, అదొక్కటే నేను చెప్పేది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా వీధంతా మురుగునీళ్ళలో ఉండిపోయింది, నీళ్ళు తీశాక మా పెద్దవాడికి తొడ దగ్గర తామర వచ్చింది. షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే ఎరుపు చటుక్కున పోయింది, తర్వాత గుండ్రటి అంచులు చెరిగిపోయి అరచేయంత వెడల్పున పాకింది. అందులో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపి ఉన్నాయని స్కిన్ డాక్టర్ గారు చూపించారు. స్టెరాయిడ్ వల్ల తామర రూపమే మారిపోయి చూసినవాళ్ళు గుర్తుపట్టలేనట్టయింది, నయమవడానికి నెలలు పట్టింది. ఇలాంటి పూత మందులు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ప్రభుత్వం నిబంధన తెచ్చింది, అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు. పిల్లల చర్మం పలచన, వాళ్ళ మీద ప్రయోగాలు వద్దు.

పటమట నర్సు

విద్యానగర్ అమ్మగారూ, నేను విజయవాడలో పిల్లల వార్డులో పనిచేస్తాను. డాక్టర్‌ని కాదు, రోజూ చూసేది చెబుతున్నాను.

మొదట, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సినవి. గాజు గ్లాసు మచ్చ మీద నొక్కి లోపలి నుంచి చూడండి, ఎరుపు చెదిరిపోతే మామూలు దద్దురు. చెదరకుండా అలాగే కనిపిస్తే చర్మం కింద రక్తం చిమ్మినట్టు, దానికి జ్వరం కూడా ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, ఇది డెంగీ కాలం కూడా. పెదాలు, కళ్ళు వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒంటి మీద బొబ్బలు లేచి తోలు ఊడుతున్నా అంతే. మీరు చెప్పినదాంట్లో ఇవేవీ లేవు, కాబట్టి నిదానంగా వెతకచ్చు.

తిండి సంగతి. తిన్నది పడకపోతే సాధారణంగా నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో ఒళ్ళు దద్దుర్లు తేలుతుంది. ఆ దద్దురు దేనికది ఒక రోజులోపే మాయమవుతుంది. మీ పాపవి రోజుల తరబడి ఉండి మాడుతున్నాయి, అది తిండి అలర్జీ తీరు కాదు. గుడ్డూ చేపా మాన్పించి పిల్లని నీరసపెట్టకండి, పెద్దావిడకి నెమ్మదిగా నచ్చజెప్పండి. ఆ రక్తపరీక్ష కూడా ఇప్పుడు వద్దు. అది గజ్జిని పట్టదు, దోమకాటుని పట్టదు, ఒంటికి తగిలినదాని వల్ల వచ్చే పొక్కుల్ని పట్టదు. పైగా తిని హాయిగా అరిగించుకునే వస్తువుకి కూడా పాజిటివ్ చూపిస్తుంది, అప్పుడు అవీ మానేస్తారు. తగిలినవాటికి చేసే ప్యాచ్ టెస్ట్ వేరు, వీపు మీద పట్టీలు అంటించి 48 గంటల తర్వాత తీసి చూస్తారు, అది స్కిన్ డాక్టర్ అవసరమనుకుంటేనే.

నాకు కావలసింది వేరే. పొక్కులు ఎక్కడెక్కడ ఉన్నాయి? చేతులు, పిక్కల్లాంటి బయటికి కనిపించే చోటా, బట్ట కప్పిన చోటా? మొలతాడు కట్టే చోట, ఇలాస్టిక్ దగ్గర ఎక్కువా? రోజులో ఏ వేళ మొదలవుతుంది? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? తెనాలిలో ఏం మారింది, నీళ్ళు కాకుండా? ఫోన్‌లో రోజూ ఒకే వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోండి, మీరు వెళ్ళిన పూట పొక్కులు ఉండకపోవచ్చు, ఫోటో ఉంటే డాక్టర్‌కి పని సులువు.

అయోధ్యనగర్ వాసి

నర్సు గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. మా పిల్లకి వేసవి వస్తే మూతి చుట్టూ మంటా పొక్కులూ. నున్న మార్కెట్ నుంచి కాయలు తెచ్చుకుంటాం, పిల్ల ముచ్చిక కొరికి రసం పీల్చేది. మామిడి సొన వల్ల అని తేలడానికి రెండు వేసవులు పట్టింది, ఎందుకంటే సొన తగిలిన రెండు మూడు రోజులకి గానీ పొక్కు పైకి తేలదు, మేమేమో ఆ పూట ఏం తిందా అని వెతికేవాళ్ళం. ఇప్పుడు ముచ్చిక కోసి, సొన కారనిచ్చి, కడిగి, తొక్క తీసి ముక్కలు పెడుతున్నాం, ఏమీ లేదు. మీకిది సీజన్ కాదు, కానీ వెనక్కి రెండు మూడు రోజులు ఆలోచించండి.

విద్యానగర్ అమ్మ

అందరికీ చాలా థాంక్స్ అండి. ఇవాళ స్నానం చేయించేటప్పుడు ఒళ్ళంతా వెతికాను. వేళ్ళ సందుల్లో, అరచేతుల్లో ఒక్కటి కూడా లేదు. ముఖం మీద లేదు. మెడ వెనక, వీపు పైభాగం, పొట్ట, నడుము చుట్టూ ఇలాస్టిక్ ఉండే చోట, భుజాల దగ్గర ఉన్నాయి. మోకాళ్ళ కింద దాదాపు లేవు, దోమలు కుట్టేది అక్కడే కదా మరి. గ్లాసు నొక్కితే ఎరుపు పోతోంది. వేళ అంటే, నర్సు గారు అడిగాక గుర్తొచ్చింది, పొద్దున స్నానం చేయించి బట్టలు వేసిన కాసేపటికే "అమ్మా గుచ్చుతోంది" అంటుంది. బడికి వెళ్ళడం ఇష్టంలేక అంటోందనుకునేవాళ్ళం. మా ఆయనకి కూడా తువ్వాలు భుజాన వేసుకున్న రోజు మెడ దగ్గర దురదగా ఉంటోందట. నాకు, అత్తగారికి ఏమీ లేదు. తెనాలిలో నీళ్ళు మారాయి, ఇంకా చెప్పాలంటే అక్కడ పండక్కి కొన్న కొత్త గౌన్లే తొడిగాం, మిగతావి అమ్మ ఉతికి మేడ మీద ఆరేసింది.

తాడికొండ రైతు

చెల్లీ, మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ మునగచెట్టు ఉందా? పాప బట్టలు ఎక్కడ ఆరేస్తున్నారు?

వానలు పడ్డాక మునగచెట్టుకి గొంగళిపురుగులు పడతాయి. పగలు మొదలు మీద గుంపుగా అతుక్కుని కదలకుండా ఉంటాయి, చీకటి పడ్డాక ఆకు తినడానికి పైకి పాకుతాయి. దూరం నుంచి చూస్తే బెరడులాగే ఉంటుంది, దగ్గరికి వెళ్తేగానీ పురుగులని తెలియదు. వాటి బొచ్చు గాలికి రాలి కింద ఆరేసిన బట్టల్లో దిగబడుతుంది. అది చర్మంలో గుచ్చుకుంటే దురద, పొక్కులు. పురుగు చచ్చినా, విడిచిన తోలు ఎండిపోయినా ఆ బొచ్చుకి దురద పోదు. మా ఊళ్ళో పిల్లలకి ప్రతి ఏడాదీ చూస్తాం, బట్ట కింద వస్తే మొదట అడిగేది దండెం ఎక్కడ అని.

ఉంటే చేత్తో ముట్టుకోకండి, చీపురుతో కొట్టకండి. కాగడాతో కాల్చేవాళ్ళున్నారు, ఇళ్ళ మధ్య అది ప్రమాదం, బొచ్చు ఇంకా లేస్తుంది. ఆకు, కాయ తినే చెట్టు కాబట్టి పురుగుమందు కూడా కొట్టొద్దు. చేపనూనె సబ్బు లీటరు నీటికి 25 గ్రాములు కలిపి, పగలు అవి మొదలు మీద ఉన్నప్పుడే పిచికారీ చేయించండి. చేసేవాళ్ళు నిండు చేతుల చొక్కా వేసుకుని ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. పిల్లల్ని ఆ ఛాయలకి పోనీయకండి, కంట్లో పడితే నలపకుండా కడిగి నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

విద్యానగర్ అమ్మ

అన్నయ్యా, ఉంది. పక్కింటి వాళ్ళది, గోడ అవతల, కొమ్మలు మా పెరట్లోకి వాలి ఉంటాయి. నా చీరలు, అత్తగారివి, మా ఆయన చొక్కాలు మేడ మీద తీగ మీద ఆరేస్తాం. పాప చిన్న బట్టలు, తువ్వాళ్ళు మాత్రం చేతికి అందుతాయని పెరటి దండెం మీదే. పొద్దున పక్కింటి పిన్నిగారిని పిలిచి చూస్తే మొదలు మీద మనిషి ఎత్తున దట్టంగా ఉన్నాయి, బూడిదరంగు బొచ్చుతో, ఒకదాని మీద ఒకటి. చూడగానే నాకు ఒళ్ళు జలదరించింది. పాప షిమ్మీ తిరగేసి కిటికీ వెలుతురులో పట్టుకుంటే మెడ కుట్టు దగ్గర సన్నటి వెంట్రుకలు నిలబడి ఉన్నాయి, అరచేయి పెడితే చురుక్కుమంది. పిన్నిగారు పాపం చాలా బాధపడ్డారు, సాయంత్రమే మనిషిని పిలిపిస్తామన్నారు. ఇప్పుడు పాప బట్టలన్నీ ఏం చేయమంటారు? పారేయాలా?

పటమట నర్సు

పారేయక్కర్లేదు. చేతికి గ్లౌజులు వేసుకుని మొత్తం బట్టలు, తువ్వాళ్ళు, దుప్పట్లు వేడినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి జాడించి మేడ మీద ఎండలో ఆరేయండి. ముందు బయట దులుపుదామని చూడకండి, బొచ్చు మీ మీదే పడుతుంది. ఆరాక కుట్టులు, ఇలాస్టిక్ మడతలు వెలుతురులో చూసి, ఇంకా గుచ్చుకుంటుంటే వెడల్పాటి టేపు అంటించి లాగండి. అప్పటికీ పోని లోదుస్తులు ఒకటి రెండు ఉంటే వాటిని తీసేయండి. పాప ఒంటి మీద కూడా కొత్త పొక్కులున్న చోట టేపు మెత్తగా అద్ది తీయచ్చు, పుండు పడ్డ చోట వద్దు. స్నానంలో పీచు, సున్నిపిండి పెట్టి రుద్దకండి, నీళ్ళు ధారగా పోయండి చాలు. గోళ్ళు బాగా కత్తిరించండి. సిరప్ డాక్టర్ చెప్పిన మోతాదులోనే ఉంచండి.

అయితే కారణం ఇదేనని ఇప్పుడే ఖాయం చేసుకోవద్దు. బట్టలు మారాక కొత్త పొక్కులు ఆగాలి, పాతవి మానడానికి వారం పది రోజులు పట్టచ్చు. ఈలోపు కొత్తవి వస్తూనే ఉంటే మంగళగిరి అమ్మగారు చెప్పిన గజ్జి సంగతి మళ్ళీ చూడాలి. ఎలాగూ రక్తం వచ్చేలా గీరుకుంది కాబట్టి చీము పట్టిందేమో చూపించాల్సిందే. గుంటూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, చర్మవ్యాధుల విభాగం ఉంది, మంగళగిరి ఎయిమ్స్‌లో కూడా ఉంది, ఏది దగ్గరైతే అది. ఉతకని షిమ్మీ ఒకటి ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, ఫోన్‌లో ఆ చెట్టు మొదలు ఫోటోతో సహా డాక్టర్‌కి చూపించండి.